హాలె లాటీనా: అనాథ శరణాలయంలో పుట్టిన లాటిన్ బడి

జర్మనీ తూర్పు భాగంలో సాలె నది ఒడ్డున, తరతరాలుగా ఉప్పు ఊటల మీద బతికిన హాలె నగరంలో 1697లో మొదలైన 'లాటీనా' పాఠశాల, మధ్యలో కొన్ని దశాబ్దాలు హోదా మారినా, పేరు మారినా, ఈనాటికీ తన పాత ఆవరణలోనే నడుస్తున్నది. జర్మన్ విద్యావ్యవస్థలో ఇది గిమ్నాజియుం వర్గానికి చెందుతుంది. గిమ్నాజియుం అంటే విశ్వవిద్యాలయ ప్రవేశానికి పిల్లలను సిద్ధపరచే ఉన్నత పాఠశాల. 19వ శతాబ్దానికి ముందు వీటిలో చాలా వాటిని ప్రజలు లాటిన్ బడులనే పిలిచేవారు, ఎందుకంటే అక్కడ నేర్పే చదువులో సింహభాగం లాటిన్ వ్యాకరణమే. జర్మనీలో ఇంతకంటే పాత లాటిన్ బడులు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని మధ్యయుగపు మఠాల్లో పుట్టినవి, కొన్ని మతసంస్కరణ కాలంలో రాజులో నగరసభలో స్థాపించినవి. లాటీనా మాత్రం ఒక పేదల బడి పక్కన, అనాథ శరణాలయంలో భాగంగా, ఏ రాజాదాయమూ ఏ మఠపు మాన్యమూ లేకుండా పుట్టింది. ఈ పుట్టుకే దాని గుణాలనూ దోషాలనూ చాలావరకు నిర్ణయించింది.

లాటిన్ బడుల వెనుక ఉన్న సంప్రదాయాన్ని కొంత చెప్పుకోవాలి. మార్టిన్ లూథర్ 1524లో జర్మన్ నగరసభల పెద్దలకు బహిరంగ లేఖ రాసి, మఠాలు మూతపడుతున్న ఆ రోజుల్లో బడులు పెట్టే బాధ్యత నగరాలదేనని వాదించాడు. అతని సహచరుడు ఫిలిప్ మెలాంక్‌తోన్ 1528 నాటి నియమావళిలో లాటిన్ బడి పిల్లలను చదువు స్థాయిని బట్టి మూడు గుంపులుగా విభజించే పద్ధతిని రూపొందించాడు. ప్రొటెస్టెంట్ రాజ్యాలకు బోధకులు, న్యాయాధికారులు, గుమాస్తాలు కావలసి వచ్చారు; వారందరికీ లాటిన్ రావాలి; ఆ అవసరమే ఈ బడులను నిలబెట్టింది. హాలె నగరానికి కూడా 16వ శతాబ్దం నుంచే ఒక నగర గిమ్నాజియుం ఉండేది. కాబట్టి లాటీనా వచ్చేనాటికి ఊళ్లో లాటిన్ నేర్పేవారు లేకపోలేదు. లేనిదల్లా పేదపిల్లవాడు ఆ చదువుదాకా చేరే దారి.

ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 నాటి వెస్ట్‌ఫేలియా ఒడంబడిక ప్రకారం, అంతవరకు మాగ్డెబుర్గ్ ఆర్చిబిషప్పుల ఏలుబడిలో ఉన్న ఈ ప్రాంతం 1680లో బ్రాండెన్‌బుర్గ్ పాలకుల చేతికి వచ్చింది. ఆ వెంటనే వచ్చిన ప్లేగు హాలె జనాభాలో పెద్ద భాగాన్ని పొట్టన పెట్టుకున్నది. నగరపు గోడకు వెలుపల ఉన్న గ్లౌఖా అనే శివారు మరీ దెబ్బతిన్నది. అక్కడ మిగిలిన బతుకుతెరువుల్లో సారా కాచడం, తాగుడు దుకాణాలు నడపడం ముఖ్యమైనవి, దిక్కులేని పిల్లలు వీధుల్లో బిచ్చమెత్తేవారు. 1692లో ఆ గ్లౌఖా చర్చికి పాస్టరుగా వచ్చినవాడు ఆగస్ట్ హెర్మాన్ ఫ్రాంకె (1663–1727). అప్పుడే రూపుదిద్దుకుంటూ 1694లో లాంఛనంగా ప్రారంభమైన హాలె విశ్వవిద్యాలయంలో అతనికి గ్రీకు, ప్రాచ్య భాషల ఆచార్య పదవి కూడా దక్కింది. ల్యూబెక్ నగరంలో పుట్టిన ఈ యువకుడు అప్పటికే లైప్‌జిగ్‌లోనూ ఎర్‌ఫుర్ట్‌లోనూ మతాధికారుల ఆగ్రహానికి గురై బయటికి నడిచినవాడు. కారణం అతని పియటిజం. లూథరన్ మతంలో సిద్ధాంత చర్చలు ముదిరి భక్తి ఎండిపోయిందని భావించి, బైబిలు పఠనం, వ్యక్తిగత పశ్చాత్తాపం, నిత్యజీవితంలో ఆచరణ, ఈ మూడింటినీ ముందుకు తెచ్చిన ఉద్యమమే పియటిజం. దానికి ఆద్యుడైన ఫిలిప్ యాకోబ్ ష్పేనర్ చొరవతోనే ఫ్రాంకెకు హాలెలో చోటు దొరికింది. బ్రాండెన్‌బుర్గ్ పాలకులు కాల్వినిస్టులు, ప్రజలు లూథరన్లు. సంప్రదాయ లూథరన్ పెద్దల పట్టు సడలించగల ఏ ఉద్యమమైనా పాలకులకు ఉపయోగపడేదే. ఫ్రాంకెకు బెర్లిన్‌లో దొరికిన ఆదరణలో ఈ రాజకీయ లెక్క కూడా ఉన్నదని చెప్పక తప్పదు.

సంస్థ పుట్టుక గురించి ఫ్రాంకె స్వయంగా రాసుకున్న వృత్తాంతం తరువాతి కాలంలో ప్రొటెస్టెంట్ ప్రపంచమంతటా ప్రచారం పొందింది. 1695 ఈస్టరు సమయంలో తన ఇంట్లో పెట్టిన కానుకల పెట్టెలో ఎవరో ఒకేసారి 4 తాలర్ల 16 గ్రోషెన్లు వేయగా (తాలర్ వెండి నాణెం, 24 గ్రోషెన్లు ఒక తాలర్), ఆ మొత్తాన్నే మూలధనంగా భావించి అతను పేదల బడి తెరిచాడు. మొదట కొని పంచిన పుస్తకాల్లో ఎక్కువ భాగం తిరిగి రాలేదు. పిల్లలు పుస్తకాలతోపాటే మాయమయ్యారు. అయినా బడి ఆగలేదు. పేదపిల్లల చదువు బాగుందని విన్న ఊరివారు రుసుము కట్టి తమ పిల్లలను పంపసాగారు. దూరప్రాంతపు కులీన కుటుంబాలు తమ కొడుకులను ఫ్రాంకె సంరక్షణలో పెట్టాలని కోరడంతో అదే ఏడాది పెడగోగియుం అనే మరొక విభాగానికి పునాది పడింది. చదువు చెప్పి సాయంత్రానికి వీధిలోకి పంపితే నేర్పినదంతా వీధి చెరిపేస్తున్నదని గ్రహించి ఫ్రాంకె అనాథలను తన దగ్గరే ఉంచుకోవడం మొదలుపెట్టాడు. ఆ అనాథల్లో తెలివైనవారికీ, నగరంలోని మధ్యతరగతి పిల్లలకూ కలిపి 1697లో ఏర్పడినదే లాటీనా. ఆ ఏడాదే తన సహాయకుడు గేయోర్గ్ హైన్‌రిఖ్ నొయ్‌బవర్‌ను, అనాథాశ్రమాల నిర్వహణలో పేరుపడిన నెదర్లాండ్స్‌కు అధ్యయనం కోసం పంపాడు. 1698లో ప్రధాన భవనానికి శంకుస్థాపన జరిగింది, రెండు మూడేళ్లలో అది పూర్తయింది. 1698లోనే పాలకుడు ఫ్రీడ్‌రిఖ్ ఇచ్చిన అధికారపత్రం సంస్థను విశ్వవిద్యాలయానికి అనుబంధంగా గుర్తించి, పన్నుల మినహాయింపులనూ వర్తక హక్కులనూ కట్టబెట్టింది. దైవకృప మీదే ఆధారపడ్డానని ఫ్రాంకె ఎంత చెప్పుకున్నా, ఈ పత్రం లేకుండా ఆ కృప అంత వేగంగా పనిచేసేది కాదు.

ఆ ఆవరణలోని బడుల అమరికను పరిశీలిస్తే ఫ్రాంకె ఆలోచన స్పష్టమవుతుంది. పైవరుసలో కులీనుల, ధనికుల కొడుకులకు పెడగోగియుం. అక్కడ లాటిన్‌తోపాటు ఫ్రెంచి, గణితం, భూగోళం, కొలువుల్లో పనికివచ్చే విద్యలు. దాని కింద లాటీనా; పాస్టర్లు, వైద్యులు, న్యాయవాదులు, వర్తకులు కాబోయే పిల్లలు అక్కడ. అన్నిటికంటే కింద, సంఖ్యలో అన్నిటికంటే పెద్దవి 'జర్మన్ బడులు'. చదవడం, రాయడం, లెక్కలు, మతబోధతో చదువు ముగించి చేతిపనుల్లోకి, ఇంటిపనుల్లోకి వెళ్లే పిల్లలకు అవి. ఆడపిల్లలకు పై చదువు చెప్పాలని 1698 ప్రాంతంలో జరిగిన ప్రయత్నం చిన్నదిగానే ఉండి ఎక్కువ కాలం సాగలేదు. లాటీనా 20వ శతాబ్దం దాకా మగపిల్లల బడే. పుట్టుకతో వచ్చిన అంతస్తులను తుడిచెయ్యాలన్న ఉద్దేశం ఫ్రాంకెకు లేదు. అయితే అనాథల గదుల నుంచి లాటీనా తరగతికి ఒక మెట్టు వేశాడు. ఏటా కొద్దిమందే ఆ మెట్టు ఎక్కారు, కాని ఎక్కినవారు రుసుము కట్టే పిల్లల పక్కనే కూర్చుని, అదే సిసెరోను చదివి, విశ్వవిద్యాలయానికి వెళ్లారు. సమానత్వం పేరెత్తని ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు. దీన్నే పట్టుకుని ఫ్రాంకెను సమతావాదిగా చిత్రించే ఆధునిక ప్రశంసలు మాత్రం అతిశయోక్తులు. 1727లో ఫ్రాంకె మరణించేనాటికి ఆవరణలోని బడులన్నిటిలో కలిపి సుమారు 2,200 మంది పిల్లలు చదువుతుండగా, లాటీనాలో ఉన్నవారు దాదాపు 400 మంది.

ఇంతమంది పిల్లలకు ఉపాధ్యాయులు ఎక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్నకు ఫ్రాంకె కనిపెట్టిన సమాధానమే బహుశా అతని అసలైన ప్రతిభ. విశ్వవిద్యాలయంలో దైవశాస్త్రం చదివే పేద విద్యార్థులకు అనాథాశ్రమపు వంటశాలలో ఉచితంగా భోజనం పెట్టి, బదులుగా రోజుకు కొన్ని గంటలు బడుల్లో పాఠం చెప్పించుకునేవారు. తెలుగునాట వారాలు చేసుకుని చదువుకున్న పిల్లల వ్యవస్థను ఇది కొంత గుర్తుచేస్తుంది. అయితే అక్కడ అన్నం పెట్టినది ఇళ్లు కాక సంస్థ, అన్నానికి ప్రతిఫలం పుణ్యం కాక బోధన. పాఠం చెప్పడం ఎవరికైనా పుట్టుకతో వస్తుందన్న నమ్మకం ఫ్రాంకెకు లేదు. 1696లోనే ఉపాధ్యాయులు కాబోయేవారికి శిక్షణ తరగతులు ఏర్పరచాడు. 1707లో లాటీనా, పెడగోగియుంల పై తరగతుల కోసం, ఎంపిక చేసిన విద్యార్థులకు మరింత కఠినమైన శిక్షణా కేంద్రం పెట్టి, శిక్షణ పొందినవారు కొన్నేళ్లు అక్కడే బోధించాలన్న షరతు విధించాడు. తరగతులను పర్యవేక్షించే అధికారులను ఇన్‌స్పెక్టర్లని పిలిచేవారు. చిన్న వయసు ఉపాధ్యాయులు సమావేశాల్లో తమ పని గురించి వారికి నివేదించేవారు. జర్మన్ నేలమీద ఉపాధ్యాయ శిక్షణ ఒక పద్ధతిగా సాగిన తొలి చోట్లలో ఇదొకటి.

బోధనలో మరొక మార్పు తరగతుల కూర్పులో ఉన్నది. ఇతర లాటిన్ బడుల్లో పిల్లవాడు ఏ తరగతిలో ఉంటే అన్ని విషయాలూ ఆ తరగతిలోనే నేర్చుకునేవాడు. లాటిన్ రానివాడికి లెక్కలు ఎంత వచ్చినా పై తరగతి దక్కదు. హాలెలో విషయాలవారీ తరగతులు పెట్టారు: ఒకే గంటలో బడి అంతటా ఒకే విషయం వివిధ స్థాయుల్లో జరిగేది కాబట్టి, లాటిన్‌లో పై మెట్టులో ఉన్న పిల్లవాడు గ్రీకులో మధ్య మెట్టులోనూ లెక్కల్లో కింది మెట్టులోనూ కూర్చోవచ్చు. గంటల పట్టిక మీద అంత కచ్చితమైన అదుపు ఉంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. ఆ అదుపు ఫ్రాంకె సంస్థకు సహజంగానే అబ్బింది.

పాఠ్యాంశాల్లో లాటిన్ మొదటిది. విశ్వవిద్యాలయంలో ఫ్రాంకె సహచరుడైన యోఆఖిం లాంగె రాసి 1707లో వెలువరించిన సులభ లాటిన్ వ్యాకరణం హాలె నుంచి బయలుదేరి జర్మన్ బడులన్నిటా వ్యాపించి, దశాబ్దాల పాటు ముద్రణ తరువాత ముద్రణ పొందింది. గ్రీకును హోమర్‌తో కాక బైబిలు కొత్త నిబంధనతో మొదలుపెట్టేవారు. దైవశాస్త్రం వైపు వెళ్లేవారికి హీబ్రూ కూడా ఉండేది. క్రైస్తవేతర ప్రాచీన కవులను పియటిస్టులు అనుమానంగానే చూశారు. భాష కోసం వారిని చదవాలి, భావాల నుంచి పిల్లలను కాపాడాలి అన్నది వారి ఇరకాటం. విచిత్రమేమంటే, లాటిన్‌కు పెట్టింది పేరైన ఈ ఆవరణ నుంచే జర్మన్ వర్ణక్రమాన్ని స్థిరపరచిన పుస్తకం వచ్చింది: పెడగోగియుం ఇన్‌స్పెక్టర్ హీరోనిముస్ ఫ్రైయర్ 1722లో ప్రచురించిన జర్మన్ రాతనియమాల గ్రంథం 18వ శతాబ్దపు బడుల మీద గాఢమైన ప్రభావం చూపింది.

క్రమశిక్షణ విషయంలో హాలె కీర్తికి రెండు ముఖాలున్నాయి. పిల్లవాడి 'సొంత సంకల్పాన్ని విరవడం' విద్యకు తొలి మెట్టు అని ఫ్రాంకె నమ్మాడు. మనిషి స్వభావం పాపభరితం కాబట్టి దాన్ని వంచకుండా భక్తి నాటుకోదన్నది ఆ నమ్మకం వెనుక ఉన్న తర్కం. అందువల్ల పిల్లలను పగలు గాని రాత్రి గాని పర్యవేక్షణ లేకుండా వదిలేవారు కారు, ఆటలను సోమరితనంగా పరిగణించి నిషేధించారు, నాటకాలు, నృత్యం, పేకాట పాపాల జాబితాలో ఉండేవి. మరోవైపు, కోపంలో పిల్లలను కొట్టరాదని ఉపాధ్యాయులకు రాతపూర్వక ఆదేశాలుండేవి. ఆటలకు బదులుగా, ముఖ్యంగా పెడగోగియుంలో, తరిణె పట్టడం, గాజు సానపెట్టడం, అట్టపెట్టెలు చెయ్యడం, మొక్కలను గుర్తించడం, నక్షత్రాలను చూడడం వంటి పనులు విశ్రాంతిగా ఏర్పాటయ్యాయి. 1698 నుంచి పోగుచేసిన వింత వస్తువుల ప్రదర్శనశాల కూడా బోధన కోసమే. 1736–41 మధ్య చిత్రకారుడు గాట్‌ఫ్రీడ్ ఆగస్ట్ గ్రూండ్లర్ దాన్ని బొమ్మలు గీసిన బీరువాలలో వర్గాలవారీగా అమర్చాడు, పైకప్పు నుంచి వేలాడే మొసలితో సహా. చేతులతోనూ కళ్లతోనూ నేర్చుకునే ఈ పద్ధతి, ఆటల మీది నిషేధం నుంచే పుట్టుకొచ్చినా, నిషేధం కంటే చాలాకాలం బతికింది. పెడగోగియుంలో పాఠం చెప్పిన యోహాన్ యూలియుస్ హెక్కర్ 1747లో బెర్లిన్‌లో, లాటిన్‌కు బదులు వస్తుజ్ఞానాన్నీ వృత్తులకు పనికివచ్చే విద్యలనూ ముందుంచిన రేయాల్‌షూలె అనే కొత్తరకం బడిని తెరిచాడు. లాటిన్ బడికి పోటీగా నిలిచిన ఈ వర్గం మూలాలు కూడా హాలెలోనే ఉన్నాయి.

ఇక డబ్బు. బడులు రుసుముల మీదా విరాళాల మీదా మాత్రమే నడవలేదు. అనాథాశ్రమం సొంతంగా మందుల దుకాణం, పుస్తకాల దుకాణం, ముద్రణాలయం నడిపింది. వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీడ్‌రిఖ్ రిఖ్టర్ చేతిలో తయారైన 'ఎసెన్షియా దుల్సిస్' అనే బంగారు కషాయం రష్యా దాకా, అమెరికా దాకా అమ్ముడుపోయి సంస్థకు పెద్ద ఆదాయం తెచ్చింది. దాని వైద్యగుణాల కంటే వ్యాపారగుణాలే గట్టివని ఈనాడు అనుకోవచ్చు. పుస్తక వర్తకాన్ని హైన్‌రిఖ్ యూలియుస్ ఎలర్స్ చూసుకున్నాడు. 1710లో కార్ల్ హిల్డెబ్రాండ్ ఫాన్ కాన్‌స్టైన్ అనే కులీనుడు ఇక్కడే స్థాపించిన బైబిలు ముద్రణ సంస్థ, కూర్చిన అచ్చులను ప్రతి ముద్రణ తరువాత విడదీయకుండా అలాగే భద్రపరచి మళ్లీ మళ్లీ వాడే పద్ధతితో బైబిలు ధరను పేదవాడికి అందేంతగా తగ్గించింది. 1713–16 మధ్య కట్టిన, వంద మీటర్లకు పైబడిన పొడవుతో ఆరంతస్తుల కలప చట్రపు 'పొడవాటి ఇల్లు', 1728 నాటికి పూర్తయిన గ్రంథాలయ భవనం ఈ ఆదాయాలకు సాక్ష్యాలు. పుస్తకాలు పిల్లల చేతుల్లోంచి మాయమైన బడికి ముప్పై మూడేళ్లలో సొంత గ్రంథాలయ భవనం వచ్చింది.

ఈ ముద్రణాలయానికి తెలుగు భాషా చరిత్రలో ఒక స్థానం ఉన్నది. డెన్మార్క్ రాజు ఫ్రెడరిక్ 4 ఆదేశంతో 1706లో తమిళ తీరంలోని తరంగంబాడికి చేరిన తొలి మిషనరీ బార్తొలోమేయుస్ జీగెన్‌బాల్గ్ హాలెలో చదువుకున్నవాడు. ఆ తరువాత మిషనరీల ఎంపిక, శిక్షణ, వారి నివేదికల ప్రచురణ చాలావరకు ఫ్రాంకె సంస్థ చేతుల మీదుగా సాగాయి. 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1720లలో మద్రాసుకు మారి, అక్కడ బడులు నడుపుతూ తెలుగు నేర్చుకుని, 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిలును తెలుగులోకి తర్జుమా చేశాడు. వ్యాకరణం రాతప్రతిగానే ఉండిపోయి 1984లో గాని హాలెలో అచ్చు కాలేదు. ఆ బైబిలు అనువాదానికి అచ్చుయోగమే పట్టలేదు. 1743లో ఆరోగ్యం చెడి హాలెకు తిరిగివచ్చిన షుల్జ్, అనాథాశ్రమం ముద్రణాలయంలో తెలుగు అక్షరాలు పోతపోయించి, 1746–47లో చిన్న మతబోధ గ్రంథాలను అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వీటినే గుర్తిస్తారు. తెలుగు నేలకు వేల మైళ్ల దూరంలో, బడిపిల్లల లాటిన్ పుస్తకాలు అచ్చయ్యే యంత్రాల మీద తెలుగు ముద్రణ మొదలైనదంటే వింతగా తోచవచ్చు గాని, భాషను వ్యాకరణం ద్వారా పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని వెంటనే పాఠ్యపుస్తకంగా అచ్చువెయ్యడం హాలె లాటిన్ బోధనకు అలవాటైన పనులే. షుల్జ్ వాటినే కొత్త భాషకు వర్తింపజేశాడు. ఆ పుస్తకాలు తెలుగు పాఠకుల మీద ప్రభావం చూపాయని చెప్పడానికి ఆధారం తక్కువ. తెలుగు ముద్రణ మళ్లీ ఊపందుకున్నది 1814లో సీరాంపూరులో విలియం కేరీ తెలుగు వ్యాకరణం వెలువడిన కాలం నుంచే. షుల్జ్ దగ్గర హాలెలోనే తమిళం నేర్చుకున్న క్రిస్టియన్ ఫ్రీడ్‌రిఖ్ ష్వార్ట్జ్ 1750లో తరంగంబాడికి వచ్చి, తరువాత తంజావూరు రాజుకు ఆంతరంగికుడయ్యాడు.

హాలెలో మాత్రం పియటిజం గెలిచిన కొద్దీ బిగుసుకుపోయింది. 1721లో క్రైస్తవం లేకుండానే చైనీయులు నీతిని కనుగొన్నారని ఉపన్యసించిన తత్వవేత్త క్రిస్టియన్ వోల్ఫ్‌ను, ఫ్రాంకె, లాంగెల ఫిర్యాదుల ఫలితంగా, 48 గంటల్లో దేశం విడవకపోతే ఉరితీస్తామని 1723లో రాజు బెదిరించి వెళ్లగొట్టాడు. 1740లో గద్దెనెక్కిన ఫ్రీడ్‌రిఖ్ 2 వోల్ఫ్‌ను సగౌరవంగా వెనక్కి పిలిపించాడు. నాటకాల మీద ఫిర్యాదు చేసిన ఫ్రాంకె కొడుకు గాట్‌హిల్ఫ్ ఆగస్ట్‌ను, స్వయంగా నాటకానికి వెళ్లి రమ్మని ఆదేశించి అవమానించాడు. కొడుకు 1769లో చనిపోయేదాకా సంస్థ తండ్రి నియమాలను కాపాడింది, తండ్రి చొరవను కాదు. విద్యార్థుల సంఖ్య తగ్గింది, వ్యాపారాలు మందగించాయి.

మార్పు తెచ్చినది ఫ్రాంకె మునిమనుమడు, పెడగోగియుంలోనే చదువుకున్న ఆగస్ట్ హెర్మాన్ నీమేయర్ (1754–1828). జ్ఞానోదయ యుగపు హేతుబుద్ధినీ పాత ఆవరణ క్రమశిక్షణనూ కలిపిన అతని విద్యాశాస్త్ర గ్రంథం 1796లో వెలువడి జర్మన్ ఉపాధ్యాయులకు చాలాకాలం చేతిపుస్తకమైంది. ఇదే కాలంలో హాలె విశ్వవిద్యాలయంలో ఫ్రీడ్‌రిఖ్ ఆగస్ట్ వోల్ఫ్ అనే పండితుడు 1787లో భాషాశాస్త్ర శిక్షణాకేంద్రాన్ని స్థాపించి, గిమ్నాజియుం ఉపాధ్యాయుడు కావాలంటే దైవశాస్త్రం కాక ప్రాచీన గ్రీకు, రోమన్ సాహిత్యాల పాండిత్యం ఉండాలని వాదించాడు. బ్రాండెన్‌బుర్గ్ పాలకుల రాజ్యమైన ప్రష్యాలో ప్రభుత్వం 1810లో ఉపాధ్యాయులకు ప్రభుత్వ పరీక్ష తప్పనిసరి చెయ్యడంతో, భోజనానికి పాఠం చెప్పే దైవశాస్త్ర విద్యార్థి అనే హాలె వ్యవస్థకు కాలం చెల్లింది. హోమర్ ఎట్టకేలకు కొత్త నిబంధనను వెనక్కి నెట్టాడు.

1806 అక్టోబరులో నెపోలియన్ సేనలు హాలెను పట్టుకుని విశ్వవిద్యాలయాన్ని మూసివేశాయి. 1807లో నీమేయర్‌ను మరికొందరు పెద్దలతోపాటు బందీగా ఫ్రాన్స్‌కు తరలించారు. అదే ఏడాది నగరం నెపోలియన్ తమ్ముడు జెరోం ఏలిన వెస్ట్‌ఫేలియా రాజ్యంలో కలిసింది. ఖర్చులు తగ్గించే ప్రయత్నంలో 1808లో పాత లూథరన్ నగర గిమ్నాజియుంనూ, కాల్వినిస్టుల గిమ్నాజియుంనూ లాటీనాతో కలిపేశారు. నగరానికి చెందిన బాలుర గాయకబృందం కూడా అప్పుడే ఈ ఆవరణకు చేరింది. పరాయి పాలకుల పొదుపు వల్ల అనాథాశ్రమపు బడి ఇలా నగరమంతటికీ ప్రధాన పాఠశాల అయింది. తరువాతి కాలంలో జర్మన్ గాథాగీతాలకు పేరుపొందిన స్వరకర్త కార్ల్ లోయెవె ఆ కాలపు విద్యార్థే; సంగీతాచార్యుడు డానియెల్ గాట్‌లోబ్ త్యుర్క్ వద్ద శిష్యరికం చేస్తూ, జెరోం రాజు ఇచ్చిన ఉపకారవేతనంతో చదివాడు.

నెపోలియన్ పతనంతో హాలె తిరిగి ప్రష్యాకు చేరింది కాబట్టి, 1815 తరువాతి కథ ప్రష్యా గిమ్నాజియుంల ఉమ్మడి కథలో భాగం. ఆబిటూర్ అంటే గిమ్నాజియుం చివర రాసే పరీక్ష. 1788లో మొదలై 1834 నాటి నిబంధనతో ప్రష్యాలో విశ్వవిద్యాలయ ప్రవేశానికి తప్పనిసరి అయింది. దానితో లాటీనా విలువను సంస్థాపకుడి పేరు కాక ప్రభుత్వ ముద్ర నిర్ణయించసాగింది. 1829లో శిల్పి రాఖ్ చెక్కిన ఫ్రాంకె విగ్రహాన్ని ఆవరణలో నిలిపారు. కులీనుల పెడగోగియుం 1870ల తొలినాళ్లలో మూతపడింది. గొప్పింటి పిల్లలకు విడిగా బడి కావాలన్న ఆలోచనకు అప్పటికి గిరాకీ తగ్గింది. అనాథలకు వేసిన మెట్టుగా మొదలైన లాటీనా మాత్రం మధ్యతరగతికి ఆధారమై నిలిచింది.

1945లో బాంబు దాడులకు ఆవరణలోని కొన్ని భవనాలు కూలాయి. 1946లో సోవియట్ ఆక్రమణ మండల పాలనలో సంస్థ చట్టబద్ధమైన ఉనికి రద్దయి, ఆస్తులు విశ్వవిద్యాలయానికి వెళ్లాయి, లాటీనా తన పూర్వపు హోదాను కోల్పోయింది. తూర్పు జర్మనీ కాలంలో ఆవరణలో ఫ్రాంకె పేరుతోనే ఉన్నత పాఠశాల ఒకటి నడిచింది. మరికొన్ని భవనాల్లో కార్మిక, కర్షక కుటుంబాల పిల్లలను విశ్వవిద్యాలయానికి సిద్ధపరచే సంస్థ పనిచేసి, సోవియట్ యూనియన్‌కు చదువుకు వెళ్లేవారికి శిక్షణ ఇచ్చింది. అంటే, పేదింటి తెలివైన పిల్లవాడిని ఎంచి పైకి పంపడమనే పాత పని, దేవుడిని తీసివేసిన రూపంలో, అదే గోడల మధ్య కొనసాగింది. భవనాల ఆలనాపాలనా మాత్రం కొనసాగలేదు; కప్పులు కారాయి, దూలాలు కుళ్లాయి, 1960ల చివర ప్రధాన ద్వారం ముందునుంచే ఎత్తైన వంతెన రహదారి వేశారు.

జర్మనీ ఏకీకరణ తరువాత సంస్థ తిరిగి ఏర్పడినప్పుడు, వోల్ఫెన్‌బ్యుటెల్ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన పాల్ రాబె 1992 నుంచి 2000 వరకు సంచాలకుడిగా ఉండి భవనాలను ఒక్కొక్కటిగా బాగుచేయించాడు. గ్రూండ్లర్ బీరువాల ప్రదర్శనశాల 1995లో అనాథాశ్రమపు అటకమీద, తన పాత చోటనే తెరుచుకున్నది. లాటీనా పేరు తిరిగి వచ్చింది. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివే ఈ గిమ్నాజియుంలో సంగీతానికి ప్రత్యేక శాఖ ఉన్నది, 1808లో ఇక్కడికి చేరిన గాయకబృందపు బాలురు అందులో చదువుతారు. అయితే బడి ఇప్పుడు సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రానిది. జీతాలు, పాఠ్యప్రణాళిక, పరీక్షలు ప్రభుత్వానివి, భవనాలూ గ్రంథాలయమూ రాతప్రతుల భాండాగారమూ సంస్థవి. మందులమ్మి, బైబిళ్లు అచ్చువేసి, ఆ లాభంతో లాటిన్ నేర్పిన ఫ్రాంకె ఏర్పాటులో ఒకటిగా ఉన్న ఈ రెండు భాగాలూ ఒకే ప్రాంగణంలో వేర్వేరు ఖాతాలతో నడుస్తున్నాయి.